లెక్కకు రాని భాగాలు

ఒక పొడవైన బల్లమీద 331 వస్తువులు పరచి ఉంటాయి. బోల్టులు, నట్లు, వాషర్లు, స్ప్రింగులు, పళ్ళచక్రాలు, ఒక పిస్టను, ఒక పెట్రోలు తొట్టి, మెలితిరిగిన కోతకత్తులు. వీటన్నిటినీ సరిగా కూరిస్తే 1959 నాటి ‘సఫోక్ కోల్ట్’ అనే పెట్రోలు గడ్డికోత యంత్రం తయారవుతుంది. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను తన ‘బి.బి.సి. ఫోర్’ ఛానెలులో 2016వ సంవత్సరంలో ప్రసారం చేసిన ‘ది రీఅసెంబ్లర్’, అంటే ‘తిరిగి కూర్చేవాడు’, అనే కార్యక్రమం ఈ గడ్డికోత యంత్రంతోనే మొదలయింది. వ్యాఖ్యాత జేమ్స్ మే అరగంటసేపు ఒక్కొక్క భాగాన్నే చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, దాని చోట పెట్టి బిగిస్తూ పోతారు. ఆయన పలికే మాటలు కూడా పని చేసుకొనే మనిషి తనలో తాను అనుకొనే మాటలవంటివే. చివరకు యంత్రాన్ని నడిపి చూస్తారు. ఇంతకుమించి కథ లేదు.

మొదటి విడతలో గడ్డికోత యంత్రం తరువాత డయలు టెలిఫోను, ఎలెక్ట్రిక్ గిటారు వచ్చాయి. అదే సంవత్సరం క్రిస్మస్ పండుగకు పిల్లల ఆట రైలుబండి, తరువాతి విడతలో రికార్డులు పాడించే చేతిపెట్టె, వంటింటి మిక్సరు, హోండా కంపెనీవారి పొట్టి మోటారు సైకిలు వచ్చాయి. 2009లో నార్వే ప్రభుత్వ టెలివిజన్ బెర్గెన్ నుంచి ఓస్లోకు పోయే రైలు ప్రయాణాన్ని ఏడు గంటలకు పైగా, మొదటినుంచి చివరిదాకా చూపి, నిదానపు ప్రసారాలు అనే ఒక పద్ధతికి దారితీసింది. ‘రీఅసెంబ్లర్’ ఆ పద్ధతి ననుసరించినదే. పోటీలు, బహుమానాలు, గడువుల తొందర ఇందులో లేవు. టెలివిజన్‌లో ఇంత ప్రశాంతంగా ఒక పనిని చూడగలగటం అరుదు గనుక దీనిని ఇష్టపడినవారు చాలామంది ఉండటంలో ఆశ్చర్యం లేదు.

పాఠశాల ఉపాధ్యాయుడు ఇటువంటి కార్యక్రమాన్ని చూసినప్పుడు ఆయనకు తోచే ప్రశ్న వేరు. దీనిని చూసిన విద్యార్థికి ఏమి తెలిసింది? యంత్రాన్ని కూర్చటం చూస్తే యంత్రం పనిచేసే తీరు తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. భాగాలకు పేర్లున్నాయని, ప్రతి పేరు వెనుక ఒక పని ఉన్నదని తెలుస్తుంది. కూర్పుకు ఒక వరుస ఉన్నదని, ఆ వరుస తప్పితే లోపలి వాషరు కోసం పైభాగమంతా మళ్ళీ విప్పవలసి వస్తుందని తెలుస్తుంది. పాఠ్యపుస్తకంలో ఇంజను బొమ్మ ఎప్పుడూ నిలువుగా కోసి, రంగులు వేసి, బాణపు గుర్తులతో ఉంటుంది; జిడ్డు అంటిన పిస్టను చేతిలో ఎంత ఉంటుందో ఆ బొమ్మ చెప్పదు. టెలివిజన్ తెరమీద ఒక మనిషి దానిని అరచేతిలో పట్టుకొన్నప్పుడు ఆ కొలత విద్యార్థికి అందుతుంది. చేతిపనిని తక్కువగా చూసే అలవాటు ఇంకా పోని మన బడులలో, చదువుకొన్న మనిషి ఒకడు నిదానంగా, గౌరవంగా పానా పట్టుకొని పనిచేయటం పిల్లలు చూడదగినదే.

అయితే ఈ కార్యక్రమం తన గొప్పను చాటుకొనటానికి ఎన్నుకొన్న అంకెలోనే దాని లోపం కూడా ఉన్నది. 331 అనే సంఖ్య బల్లమీద పెట్టగల వస్తువుల సంఖ్య. యంత్రాన్ని నడిపించేవాటిలో బల్లమీద పెట్టటానికి వీలులేనివి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఖాళీ.

పెట్రోలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గును చూడండి. పింగాణీ, లోహపు కడ్డీ, మరచుట్లు గల ఉక్కు కవచం, ఇవి కంటికి కనబడతాయి. నిప్పురవ్వ పుట్టేది మాత్రం ఈ మూడింటిలో ఎక్కడా కాదు. రెండు లోహపు మొనల నడుమ ఇంచుమించు అర మిల్లీమీటరు ఉండే ఎడంలో. ఆ ఎడం ఎక్కువైతే వోల్టేజి దానిని దాటలేదు. తక్కువైతే రవ్వ పొట్టిదై పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని సరిగా అంటించదు. ఆ అధిక వోల్టేజి పుట్టటానికి మాగ్నెటోలో మరొక జత మొనలు తగిన క్షణాన విడిపోవాలి. ఆ విడిపోయే దూరానికి కూడా ఒక కొలత ఉన్నది. తిరిగే అయస్కాంతం తీగచుట్టలో గరిష్ఠ విద్యుత్ప్రవాహాన్ని పుట్టించిన సమయానికే ఆ మొనలు తెరచుకోకపోతే రవ్వ బలహీనమవుతుంది. మోటారు మెకానిక్కు ఈ ఎడాలను ఫీలరు గేజి అనే సన్నని ఉక్కు రేకుల కట్టతో కొలిచి సరిచేస్తాడు.

మూడవ ఖాళీ కవాటాల వద్ద ఉన్నది. కవాటపు కాడకు, దానిని ఎత్తే మీటకు నడుమ ఇంజను చల్లగా ఉన్నప్పుడు మిల్లీమీటరులో పదవ వంతు, రెండు వంతులు ఎడం విడిచిపెడతారు. ఎందుకు విడిచిపెట్టాలో పదవ తరగతి విద్యార్థి స్వయంగా లెక్కవేయవచ్చును. ఉక్కు ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతులలో 12 వంతులు పెరుగుతుంది. కవాటపు కాడ పొడవు 60 మిల్లీమీటర్లు అనుకొని, అది 300 డిగ్రీలు వేడెక్కిందనుకొంటే, పెరిగే పొడవు 60 × 0.000012 × 300; అంటే 0.2 మిల్లీమీటర్లకు కాస్త పైగా. చుట్టూ ఉన్న సిలిండరు దిమ్మ అంతగా వేడెక్కదు కనుక దాని పెరుగుదల తక్కువ. ముందుగా ఖాళీ విడువకపోతే వేడెక్కిన కాడ మీటకు ఆని, కవాటం పూర్తిగా మూసుకోలేదు. మండిన వాయువులు సందులోనుంచి జారిపోతాయి. ఇంజను శక్తి పడిపోతుంది. కొన్నాళ్ళకు కవాటపు అంచు కాలిపోతుంది. పాఠ్యపుస్తకంలో వ్యాకోచం అనే పాఠానికి రైలు పట్టాల నడుమ సందును ఉదాహరణగా ఇస్తారు. ఆ సందులు ఇప్పుడు చాలా రైలుమార్గాలలో లేవు, పట్టాలను పొడవుగా అతికివేస్తున్నారు. కవాటపు ఖాళీ మాత్రం కోట్లకొలది ఇంజనులలో ఇప్పటికీ ఉన్నది.

జేమ్స్ మే ఇటువంటి సర్దుబాట్లను చేయలేదని కాదు. చేయకపోతే ఇంజను కదలదు. కాని కెమెరాకు ఖాళీ కంటె వస్తువు ఇష్టం. బోల్టు బిగుసుకొనటం దగ్గరగా, అందంగా కనబడుతుంది. ఫీలరు గేజి రేకు రెండు మొనల నడుమ ‘పట్టీపట్టనట్లు’ జారటం చేతికి తెలిసేదే గాని కంటికి తెలిసేది కాదు. అందువల్ల చూసేవానికి యంత్రం బిగింపుల మొత్తంగా తోస్తుంది. ఎక్కడ వదులుగా ఉంచాలో, ఎంత వదులుగా ఉంచాలో అనే విద్య తెరవెనుకనే ఉండిపోతుంది.

ఇదే చిక్కు టెలిఫోను భాగంలో మరీ స్పష్టం. డయలు టెలిఫోను చూడటానికి గడ్డికోత యంత్రం కంటె చిన్నది, శుభ్రమైనది. కాని దాని లోపలి భాగాలు ఎందుకున్నాయో ఊహించటం చాలా కష్టం. పిస్టనును చూస్తే అది కదులుతుందని తోస్తుంది. టెలిఫోనులోని తీగచుట్టను చూస్తే ఏమీ తోచదు.

చెవి దగ్గర పెట్టుకొనే వినికిడి గిన్నెను తీసుకొందాం అనుకొనే ఉపాధ్యాయునికి అందులో ఒక పూర్తి పాఠం దొరుకుతుంది. పాత రకపు గిన్నెలో ఒక పలుచని ఇనుప పలక, దాని వెనుక తీగచుట్టలు, ఆ చుట్టల నడుమ ఒక శాశ్వత అయస్కాంతం ఉంటాయి. విద్యుత్తు పారినప్పుడు తీగచుట్టే అయస్కాంతమవుతుంది గదా, మళ్ళీ శాశ్వత అయస్కాంతం దేనికి? దానిని తీసివేసి చూస్తే సమాధానం చెవికి వినబడుతుంది. విద్యుదయస్కాంతం ఇనుమును ఆకర్షిస్తుందే గాని నెట్టివేయదు. విద్యుత్తు ఏ దిక్కున పారినా ఆకర్షణే. కనుక శాశ్వత అయస్కాంతం లేనప్పుడు మాట తాలూకు ఒక్కొక్క విద్యుత్ తరంగానికి పలక రెండుసార్లు లోపలికి లాగబడుతుంది. వినబడే ధ్వని అసలు ధ్వనికి రెట్టింపు పౌనఃపున్యంతో, వికృతంగా ఉంటుంది. శాశ్వత అయస్కాంతం ముందే పలకను కొంత లాగి ఉంచితే, తరంగంలో ఒక సగం ఆ లాగుడును పెంచుతుంది, మరొక సగం తగ్గిస్తుంది. పలక తరంగాన్ని ఉన్నదున్నట్లు అనుసరిస్తుంది, ధ్వని కూడా పెరుగుతుంది. కళాశాల ప్రయోగశాలలో సోనామీటరు ఉక్కుతీగ దగ్గర ఏకాంతర విద్యుత్తుతో పనిచేసే విద్యుదయస్కాంతాన్ని పెట్టి పౌనఃపున్యం కనుగొనే విద్యార్థులు, తీగ పౌనఃపున్యాన్ని సగం చేసి 50 అని వ్రాస్తారు. ఎందుకు సగం చేయాలో, టెలిఫోనులో అయస్కాంతం ఎందుకుండాలో, రెండూ ఒకే కారణం.

పలకకు, అయస్కాంతపు ధ్రువాలకు నడుమ ఉండే అతి చిన్న ఎడం ఇక్కడ కూడా లెక్కకు రాని భాగమే. అది పెరిగితే ధ్వని సన్నగిల్లుతుంది. తరిగితే పలక ధ్రువాలకు అతుక్కొనిపోతుంది.

మాట్లాడే వైపు గిన్నెలో బొగ్గు రేణువులున్నాయి. ధ్వని తాకిడికి వాటిమీద ఒత్తిడి పెరిగితే నిరోధం తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నిరోధం పెరుగుతుంది. ఆ మార్పే మాటను విద్యుత్తుగా తీగలోకి పంపుతుంది. వాడుకలో రేణువులు ఒకదానికొకటి బిగుసుకొని గడ్డకట్టినట్లవుతాయి. మాట సరిగా అందనప్పుడు పాతకాలపువారు చేతిగొట్టాన్ని అరచేతికేసి రెండుసార్లు తట్టటం చూసినవారు చాలామంది ఉంటారు. ఆ తట్టటం ఒట్టి విసుగు కాదు. రేణువులు విడిపడి మాట బాగయ్యేది.

గంట దగ్గర ఒక కండెన్సరు ఉంటుంది. నేటి పాఠ్యపుస్తకాలలో దీనిని కెపాసిటరు అంటున్నారు. టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి తీగలమీద దాదాపు 50 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. గంట మోగించటానికి పంపేది ఏకాంతర విద్యుత్తు. కండెన్సరు మొదటిదానిని ఆపి రెండవదానిని పోనిస్తుంది. అది లేకపోతే గొట్టం ఎత్తకముందే గంట చుట్టలోనుంచి విద్యుత్తు పారి, ఎవరో మాట్లాడుతున్నట్లు ఎక్స్ఛేంజి పొరబడుతుంది.

ఇక డయలు. వేలితో తిప్పినప్పుడు అది చేసే పని ఏమీ లేదు, స్ప్రింగును చుట్టటం తప్ప. విడిచిపెట్టిన తరువాతనే అసలు పని. తిరిగి వచ్చేటప్పుడు అది తీగలోని విద్యుత్తును తెంచుతూ కలుపుతూ వస్తుంది. 3 తిప్పితే మూడుసార్లు, సున్న తిప్పితే పదిసార్లు. ఎక్స్ఛేంజి యంత్రాలు ఈ తెంపులను సెకనుకు ఇంచుమించు పది చొప్పున అందుకొనేటట్లు నిర్మింపబడినవి. తొందరగా తిప్పే కుర్రవాడైనా, నిదానంగా తిప్పే ముసలివాడైనా డయలు తిరిగి వచ్చే వేగం ఒకటే. దానికి కారణం లోపలి గవర్నరు. వేగం హెచ్చితే దాని చిన్న బరువులు బయటికి విచ్చుకొని చుట్టూ ఉన్న గిన్నె గోడకు రాసుకొంటాయి. రాపిడి వేగాన్ని తగ్గిస్తుంది. జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి అమర్చిన గవర్నరులో కూడా తిరిగే బరువులు విచ్చుకొనటమే మూలసూత్రం. అది ఆవిరిని తగ్గించేది, ఇది రాపిడిని పెంచుతుంది. ఈ బరువుల స్ప్రింగుకు ఉండే బిగువు కూడా బల్లమీద కనబడదు. స్ప్రింగు కనబడుతుంది, బిగువు కనబడదు.

డయలు దగ్గర అదనంగా మరికొన్ని స్పర్శ రేకులుంటాయి. అవి లేకపోయినా నంబరు పోతుంది. అటువంటప్పుడు అవి ఎందుకు? డయలు తిరుగుతున్నంతసేపు తెంపుల టకటకలు చెవిలో పడకుండా వినికిడి గిన్నెను పక్కకు తప్పించటానికి. యంత్రం నడవటానికి అవసరమైన భాగాలు వేరు, మనిషికి ఇబ్బంది లేకుండా నడవటానికి కావలసిన భాగాలు వేరు. ఈ విభజన తెలిసిన విద్యార్థి ఏ యంత్రాన్నయినా కొత్త కంటితో చూస్తాడు.

ఇటువంటి విషయాలు కూర్పువల్ల తెలియవు. ఒక భాగాన్ని కావాలని వదిలిపెట్టి, యంత్రం ఏ విధంగా చెడుతుందో చూసినప్పుడే తెలుస్తాయి. శరీరధర్మశాస్త్రజ్ఞులు ఒక గ్రంథిని తొలగించి, అది చేసే పనిని కనుగొన్నది ఈ పద్ధతిలోనే. ‘రీఅసెంబ్లర్’ కార్యక్రమం 211 భాగాలో 331 భాగాలో అన్నీ బిగించి విజయం చూపటానికే కట్టుబడి ఉన్నది. అయస్కాంతం లేని వినికిడి గిన్నెను, గవర్నరు లేని డయలును ఒక్క నిమిషం చూపి ఉంటే, ఆ నిమిషం మిగిలిన ఇరవైతొమ్మిది నిమిషాలకు అర్థం చెప్పి ఉండేది.

బి.బి.సి. వారిదే అయిన ‘ది రిపేర్ షాప్’ ఇంతకంటె ప్రసిద్ధమైనది. 2017లో మొదలయింది. ఇంగ్లండు దక్షిణభాగంలోని ససెక్స్‌లో పాత కట్టడాలను భద్రపరచిన వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ సంగ్రహశాలలోని ఒక కొట్టంలో దీనిని చిత్రిస్తారు. తాతగారి గడియారం, తల్లి కుట్టుమిషను, చిన్ననాటి ఆటబొమ్మ వంటివి పట్టుకొని మనుషులు వస్తారు. నిపుణులు బాగుచేసి ఇస్తారు. తీసుకొనేటప్పుడు కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఇందులో పనిచేసేవారి నైపుణ్యాన్ని శంకించటానికి లేదు. వస్తువుతోపాటు మనిషి జ్ఞాపకం కూడా బాగుపడుతుందని చూపటం మంచి ఊహే. కాని విజ్ఞానదృష్టితో చూస్తే దీనిలో ఒక పెద్ద కొరత ఉన్నది. మరమ్మతులో సగం పని లోపం ఎక్కడున్నదో కనిపెట్టటం. గడియారం ఆగిపోయిందంటే స్ప్రింగు విరిగిందా, నూనె ఎండిందా, పన్ను అరిగిందా? ఏ పరీక్షతో ఏ అనుమానాన్ని కొట్టివేశారు? ఈ వెతుకులాట చాలాసార్లు ఒకటి రెండు వాక్యాలలో గడచిపోతుంది, ఎందుకంటే కన్నీటికి సమయం కావాలి. వైద్యుడు రోగిని పరీక్షించే గదిలోకి కెమెరాను రానీయక, మందు ఇచ్చేటప్పుడు మాత్రమే రానిచ్చినట్లున్నది ఈ పద్ధతి.

ఈ రెండింటికీ చాలముందు వచ్చి, వీటికంటె ముందుకు పోయిన కార్యక్రమం ఒకటున్నది. బ్రిటనులోని ‘ఛానెల్ 4’ 1988 నుంచి 1993 వరకు మూడు విడతలుగా ప్రసారం చేసిన ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ మెషీన్స్’, అంటే ‘యంత్రాల రహస్యజీవితం’. దీని కర్త టిమ్ హన్‌కిన్ ఇంజనీరు, వ్యంగ్యచిత్రకారుడు కూడా. ‘అబ్జర్వర్’ వారపత్రికలో విజ్ఞాన విషయాలపై బొమ్మల శీర్షిక చాలకాలం నడిపారు. ఆయనకు తోడు రెక్స్ గారడ్ అనే యంత్రనిర్మాత. వీరు ఎన్నుకొన్నవన్నీ ఇంటిలోను, కార్యాలయంలోను ఉండే మామూలు వస్తువులే: కుట్టుమిషను, బట్టలుతికే యంత్రం, రెఫ్రిజిరేటరు, టెలిఫోను, రేడియో, లిఫ్టు, ఫోటోకాపీ యంత్రం, ఫాక్సు.

వీరు కూడా యంత్రాలను విప్పారు. కాని అక్కడ ఆగలేదు. విప్పిన యంత్రంలోని సూత్రాన్ని పట్టుకొని, దానినే చెత్తసామానుతో మళ్ళీ మోటుగా నిర్మించి చూపారు. వీడియో రికార్డరును గూర్చిన భాగంలో వారు చేసిన పని ప్రసిద్ధమయింది. మామూలు జిగురు టేపు తీసుకొన్నారు. దాని జిగురువైపు ఇనుపతుప్పు పొడిని రుద్దారు. ఆ టేపును రికార్డింగు యంత్రపు తలమీదుగా పోనిచ్చి మాట్లాడితే, తరువాత అదే మాట, గరగరమంటూనే అయినా, తిరిగి వినబడింది. టేపు రికార్డరును వెయ్యి భాగాలుగా విడదీసి మళ్ళీ కూర్చినా ఈ ఒక్క ప్రయోగం చెప్పినంత చెప్పలేదు. టేపు రికార్డరుకు ప్రాణం ఎక్కడున్నదని అడిగితే మోటారులోను లేదు, మీటలలోను లేదు. టేపుమీది పొడిలో ఉన్నది. ఉపాధ్యాయులు ఇక్కడ ఒక మాట చేర్చవలసి ఉన్నది. తుప్పులో అన్ని రకాల ఆక్సైడులూ అయస్కాంత గుణంలో సమానం కావు. తడిలో పుట్టిన ఎర్రటి తుప్పులో చాలభాగం అయస్కాంతానికి అంతగా లొంగదు. టేపు కర్మాగారాలు వాడినది గామా ఫెర్రిక్ ఆక్సైడు అనే ప్రత్యేక రూపం. తుప్పుపొడి దగ్గరకు అయస్కాంతం తెచ్చి, అంటుకొన్న భాగాన్నే వాడుకొంటే తరగతిలో ఈ ప్రయోగం ఫలించే అవకాశం ఎక్కువ.

ఈ కార్యక్రమానికీ లోపాలున్నాయి. చరిత్ర చెప్పేటప్పుడు వేగం మరీ ఎక్కువ; ఒక్కొక్క ఆవిష్కర్త బొమ్మల కథలో అరనిమిషం కనబడి మాయమవుతాడు. ప్రతి భాగం చివర పాత యంత్రాలను కుప్పవేసి కాల్చటమో, పేల్చటమో, ఊరేగించటమో ఒక వేడుకగా చేశారు. పిల్లలకు సరదాయే గాని మరమ్మతు చేయదగిన యంత్రాన్ని తగులబెట్టటం మన దేశపు ప్రేక్షకునికి కొంచెం నొప్పి కలిగించకమానదు. అయినప్పటికీ, ‘ఇది ఎందుకున్నది?’ అనే ప్రశ్నను ఒక్కసారి కూడా మరువని కార్యక్రమం ఇది. హన్‌కిన్ దీనిని ఎవరైనా ఉచితంగా చూసేటట్లు అంతర్జాలంలో ఉంచటం బడులకు కలిసివచ్చిన విషయం.

ఈ కార్యక్రమాలన్నీ పాతయంత్రాలనే ఎందుకు పట్టుకొంటాయి? పాతవాటిమీది మమకారం అని సాధారణంగా చెబుతారు. అది సగం కారణమే. డయలు టెలిఫోనులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగం ఉన్నది: లెక్కించటానికి డయలు, వేగానికి గవర్నరు, మోగటానికి గంట. నేటి చేతిఫోనులో ఈ పనులన్నీ, ఇంకా వేలకొలది పనులు, గోరంత సిలికాను ముక్కలో జరుగుతాయి. దానిని విప్పితే కనబడేది నల్లని పలక. పైగా చాల ఫోనులలో బ్యాటరీని కూడా జిగురుతో అతికిస్తున్నారు. మరమేకు ఉన్న వస్తువు తనను విప్పమంటుంది. జిగురు ఉన్న వస్తువు వద్దంటుంది. కొన్నవారికి తమ వస్తువును మరమ్మతు చేయించుకొనే హక్కు ఉండాలనే వాదం ఇందుకే బలపడింది. మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఈ విషయమై ఒక సంఘాన్ని నియమించింది, ఆ సంవత్సరం డిసెంబరులో ఇందుకోసం ఒక పోర్టలు ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య 2024లో ఒక శాసనమే చేసింది. ‘రీఅసెంబ్లర్’ బల్లమీద ఈ సంగతి ప్రస్తావనకు వచ్చి ఉంటే, ఆ బల్లమీద పాతవస్తువులే ఎందుకున్నాయో ప్రేక్షకునికి తెలిసేది. మమకారపు మాటలతో కార్యక్రమం దానిని దాటవేసింది.

తెలుగునాట ఈ విద్యను చూపటానికి టెలివిజన్ కూడా అక్కరలేదు. ప్రతి ఊరి దర్జీ కుట్టుమిషను బిగువు సర్దేటప్పుడు చేసేది ఇదే. పైదారపు బిగువును ఒక చిన్న మరమేకుతో, బాబిను కేసులోని కిందిదారపు బిగువును మరొక మరమేకుతో సరిచేస్తాడు. రెండూ సమంగా ఉంటే దారాల ముడి బట్ట మందంలో మధ్యగా దాగుతుంది. పైబిగువు ఎక్కువైతే కిందిదారం పైకి వచ్చి కనబడుతుంది, తక్కువైతే పైదారం అడుగున ఉండలు కడుతుంది. దర్జీని ఒక గంటసేపు తరగతికి పిలిచి, ఆ మరమేకులను అటూ ఇటూ తిప్పి చెడుకుట్టు కుట్టి చూపమని అడగవచ్చును. మంచికుట్టు కంటె చెడుకుట్టే ఇక్కడ పాఠం.

బెంగుళూరులో 1948లో స్థాపితమైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ తయారుచేసిన డయలు టెలిఫోనులు మన ఊళ్ళలో లక్షలకొలది వాడబడ్డాయి. పాతసామానుల దుకాణాలలో ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి. తీగనుంచి విడిపోయిన టెలిఫోనులో ప్రమాదం లేదు గనుక పిల్లల చేతికి ఇవ్వటానికి ఇదే మేలైన యంత్రం. ఇంటి విద్యుత్తుతో నడిచే పాత రేడియోలు, రికార్డు యంత్రాలు, టెలివిజన్ పెట్టెలు అటువంటివి కావు. కొన్ని పాత నమూనాలలో లోపలి లోహపు చట్రానికే నేరుగా విద్యుత్తు తగిలి ఉంటుంది. పాత టెలివిజన్ కండెన్సర్లలో, గొట్టంలో తీగ పీకివేసిన తరువాత కూడా చాలసేపు విద్యుదావేశం నిలిచి ఉంటుంది. తెరమీద జేమ్స్ మే రికార్డు పెట్టెను ఎంత తేలికగా పట్టుకొన్నా, పిల్లలు దానిని ఇంటివద్ద అనుకరించకూడదని ముందుగానే చెప్పాలి.

టిమ్ హన్‌కిన్ 2021లో ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ కాంపొనెంట్స్’ అనే కొత్త వరుస ప్రారంభించారు. ఈసారి యంత్రం లేదు. ఒక భాగంలో గొలుసు, మరొక భాగంలో స్ప్రింగు, అంతే. తన కార్యశాలలో నిలబడి, తాను నిర్మించిన ఆటయంత్రాలలో ఏ స్ప్రింగు ఎందుకు విరిగిందో, ఏ గొలుసు ఎందుకు జారిందో, దానికి ఏమి చేశారో చెబుతారు. చిత్రీకరణ సాదాగా ఉన్నది, సంగీతం తక్కువ, ఒక్కొక్క భాగం నిడివి మాత్రం కొంచెం ఎక్కువ. పెద్ద తరగతుల పిల్లలకు స్ప్రింగు భాగాన్ని హుక్ నియమం చెప్పిన మరునాడు చూపటం మంచిది. నియమం ఎక్కడివరకు పనిచేస్తుందో పుస్తకం చెబుతుంది. ఆ హద్దు దాటిన స్ప్రింగు ఎట్లా ఉంటుందో ఆయన చేతిలో కనబడుతుంది.